ముందు కాపురం, తర్వాత కాఫీ

ఈ సంచికలోని ఉత్తరాలన్నీ జపాన్ పల్లెల్లో ఖాళీగా పడి ఉన్న పాత ఇళ్లను గురించినవే. జవాబులు రాస్తున్నవారు హ్యోగో ప్రిఫెక్చర్‌లోని (ప్రిఫెక్చర్ అంటే మన రాష్ట్రం వంటి పాలనా విభాగం) ఒక కొండ పల్లెలో పాత రైతు ఇంటిని బాగుచేయించుకొని, అందులోనే కాపురముంటూ చిన్న కెఫే నడుపుతున్నారు.

ప్రశ్న: మేము పద్నాలుగేళ్లుగా టోక్యోలోని నిషికసాయిలో ఉంటున్నాము. శాశ్వత నివాసార్హత వచ్చింది. మావారిది ఇంటి నుంచే చేసుకోగల ఉద్యోగం. హ్యోగో కొండల్లో ఒక పురపాలిక ప్రకటించిన ఖాళీ ఇళ్ల జాబితాలో దాదాపు నూరేళ్ల నాటి రైతు ఇల్లు చూశాము. గడ్డి కప్పు మీద రేకు తొడిగి ఉంది. ఇల్లు సుమారు 160 చదరపు మీటర్లు, పక్కనే సున్నపు గోడల ధాన్యపు కొట్టు, కొద్దిగా పొలం, అన్నీ కలిపి 38 లక్షల యెన్లు. వెనుక భాగంలో మేము ఉండి, ముందు భాగంలో పదహారు కుర్చీల కెఫే పెట్టాలని కోరిక. కొనే ముందు ఏమేమి చూడాలి? అంత పాత ఇల్లు భూకంపానికి నిలుస్తుందా?
ఒక పాఠకురాలు, టోక్యో

జవాబు: ఆ 38 లక్షల యెన్లను ఇంటి ధరగా లెక్కవేసుకోకండి. 2023లో జపాన్ ప్రభుత్వం జరిపిన గృహ సర్వేలో ఖాళీ ఇళ్లు సుమారు 90 లక్షలని, అంటే దేశంలోని మొత్తం ఇళ్లలో 13.8 శాతమని తేలింది. ఇన్ని ఇళ్లు మూతబడి ఉన్న దేశంలో, అందులోనూ పన్ను లెక్కల్లో కర్ర ఇంటి ఆయుష్షు 22 ఏళ్లకే ముగిసిపోయే దేశంలో, నూరేళ్ల ఇంటికి కాగితం మీద విలువంటూ మిగలదు. మీరు చెల్లించేది చాలావరకు నేల ఖరీదే. ఇంటి అసలు ఖరీదు మరమ్మతులో బయటపడుతుంది. మా ఇంటికి కొన్న ధరకు ఐదింతలు మరమ్మతుకు పట్టింది. అందులో సగానికి పైగా ఇప్పుడు ఎవరి కంటికీ కనిపించని పనులకే ఖర్చయింది. పాత ఇళ్ల కోసం బ్యాంకు అప్పు దొరకడం కూడా కష్టం కనుక, ఆ మొత్తం చేతిలో ఉందో లేదో చూసుకున్న తర్వాతే ముందుకు వెళ్లండి.

ఎండ కాసే రోజున ఆ ఇంటిని చూసి వచ్చి ఉంటే, వాన కురిసే రోజున మళ్లీ వెళ్లండి. జూన్ మొదట్లో ప్రారంభమై జూలై మూడో వారం దాకా సాగే త్సుయు వానల్లో ఒక రోజంతా అక్కడ గడిపితే, ఏ నిపుణుడూ చెప్పలేని సంగతులు ఆ ఇల్లే మీకు చెబుతుంది. కొండ మీద నుంచి దిగే నీరు పెరటి కాలువలోకి వెళుతోందా, పొంగి ఇంటి కిందికి మళ్లుతోందా, చూరు నుంచి పడే ధార రాళ్ల మీద పడుతోందా, స్తంభాల మొదళ్ల మీద చిందుతోందా అన్నది ఆ రోజునే తెలుస్తుంది. ఆ కాలపు పల్లె ఇళ్లకు మనకు తెలిసిన పునాది ఉండదు. నేలలో కుదిపిన రాళ్ల మీద స్తంభాలను నిలబెట్టారంతే. ఆ రాళ్ల చుట్టూ గాలి ఆడుతున్నంత కాలం స్తంభాలు రెండు వందల ఏళ్లైనా నిలుస్తాయి, తేమ చేరితే ఇరవై ఏళ్లలో పుచ్చిపోతాయి. తతామి అనే గడ్డి చాపలు ఎత్తించి, వాటి కింది పలకలు తీయించి, లైటు పట్టుకొని నేల కిందికి దిగి, ప్రతి స్తంభం మొదటినీ చిన్న సుత్తితో కొట్టి చూడండి. గట్టి కర్ర ఖంగుమంటుంది, పుచ్చిన కర్ర డొల్లగా పలుకుతుంది. చెదలు కట్టిన మట్టి గొట్టాలు కూడా అక్కడే కనిపిస్తాయి. మేము ఈ పరీక్ష సరిగా చేయకుండానే ముందుగా వంటింటి నేల అందంగా వేయించుకున్నాము. ఆరు నెలలు తిరగక ముందే ఆ పలకలన్నీ పీకించవలసి వచ్చింది, ఎందుకంటే పెరటి కాలువ నుంచి ఊరిన నీరు నాలుగు స్తంభాల మొదళ్లను తినేసింది.

పుచ్చిన మొదలు కనిపించినంత మాత్రాన ఆ ఇంటిని వదులుకోనక్కరలేదు. జపాన్ వడ్రంగులకు నెత్సుగి అనే పని తెలుసు: ఇంటిని జాకీలతో కొన్ని అంగుళాలు ఎత్తి, స్తంభం కింద చెడిన భాగాన్ని కోసేసి, కొత్త కర్రను మేకుల అవసరం లేని చిక్కు అతుకుతో పై భాగానికి కలుపుతారు. తేమకు ఓర్చే చెస్ట్‌నట్ కర్రను దీనికి మెచ్చుకుంటారు. ఒక పక్కకు ఒరిగిన ఇంటిని తాళ్లతో, గొలుసులతో రోజుకు కొంత చొప్పున లాగి నిటారుగా నిలబెట్టే పద్ధతి కూడా ఉంది. అయితే ఈ పనులు వచ్చిన వడ్రంగులు ఏటేటా తగ్గిపోతున్నారు. కొత్త ఇళ్లకు తయారు భాగాలను బిగించి పోయే పనికి అలవాటుపడిన గుత్తేదారును పిలిస్తే, ‘ఇదంతా కూలదోసి కొత్తది కట్టుకోండి, చవక’ అనే మాటే వస్తుంది. ఇల్లు కొనక ముందే అటువంటి వడ్రంగి ఒకరిని వెతికి పట్టుకోండి. ఆయనకు ఒక రోజు కూలి ఇచ్చి ఇల్లు చూపించండి. ఆయన కుదరదంటే ఆ ఇల్లు మీకు కుదరదు.

కప్పు విషయంలో నా సలహా మీకు నిరాశ కలిగించవచ్చు. రేకును తీయించి గడ్డి కప్పును బయటపెట్టాలన్న కోరిక మీకు ఉండవచ్చు. మన రెల్లుకు దగ్గరి చుట్టమైన సుసుకి గడ్డితో నేసే ఆ కప్పు సాధారణంగా ఇరవై నుంచి నలభై ఏళ్లు మన్నుతుంది. ఇంటి మధ్య ఇరోరి అనే పొయ్యిలో రోజూ నిప్పు ఉండి, ఆ పొగ గడ్డిలోకి ఎక్కుతూ ఉంటేనే పురుగూ కుళ్లూ చేరవు. పూర్వం ఊరి వారంతా యుఇ అనే పద్ధతిలో ఏడాదికొక ఇంటి చొప్పున, బదులు పనిగా, తలా ఒక చెయ్యి వేసి కప్పుకొనేవారు. మన పల్లెల్లో బదులు కూలీ తెలిసినవారికి ఇది వివరించనక్కరలేదు. ఇప్పుడు ఆ చేతులు లేవు. కూలి ఇచ్చి మొత్తం కప్పు నేయిస్తే ఖర్చు కోటి యెన్లు దాటడం అరుదేమీ కాదు. కాబట్టి రేకు కారకుండా ఉంటే రంగు వేయించి అలాగే ఉంచండి. దాని కింద ఉన్న గడ్డి పైకప్పు వేడినీ చలినీ ఆపుతుంది. గడ్డి కప్పుల అందం చూడాలనిపిస్తే క్యోటో ప్రిఫెక్చర్‌లోని మియామాకు వెళ్లి రండి, అక్కడి కితా అనే పల్లె హ్యోగో నుంచి దూరమేమీ కాదు. 2020లో యునెస్కో జపాన్ కర్ర కట్టడాల సంప్రదాయ నైపుణ్యాలను మానవాళి వారసత్వ జాబితాలో చేర్చినప్పుడు, గడ్డి కప్పు నేయడమూ గోడలకు మట్టి మెత్తడమూ అందులో ఉన్నాయి.

గోడల మాట వచ్చింది కనుక ఒక సంతోషకరమైన సంగతి చెబుతాను. ఈ ఇళ్ల గోడలు వెదురు తడికకు రెండు వైపులా గడ్డి కలిపి నానబెట్టిన మట్టి మెత్తి కట్టినవి. పగిలిన చోట ఆ మట్టిని పారేయకూడదు. దాన్ని దింపి, నలగగొట్టి, కొత్తగా ఎండుగడ్డి ముక్కలు కలిపి, నీళ్లు పోసి నెలల తరబడి మాగనిస్తే మళ్లీ అదే గోడకు పనికి వస్తుంది. పైగా పాత మట్టి కలిసిన గోడే గట్టిదని మేస్త్రీలు నమ్ముతారు. పైపూతగా వేసే షిక్కుయి అనే సున్నంలో జనపనార, ఉడికించిన సముద్రపు నాచు జిగురు కలుపుతారు. మన పాత కట్టడాల్లో గానుగ సున్నానికి బెల్లపు నీరూ కరక్కాయ నీరూ కలిపిన తీరే ఇది. మట్టి తొక్కడం, మెత్తడం మీరిద్దరూ నేర్చుకోగల పనులు. మా ఇంట్లో మేము స్వయంగా చేసిన పని ఇదొక్కటే, ఇప్పటికీ ఆ గోడను తాకినప్పుడల్లా సంతోషంగా ఉంటుంది. దూలాల మీది మసిని మాత్రం గీకించకండి. తడిగుడ్డతో తుడిస్తే చాలు, దాని కిందనే నల్లని నిగారింపు బయటపడుతుంది. ఇటీవలి దశాబ్దాల్లో ఎవరైనా అంటించిన రేకుబిళ్లలు, అట్టల వంటివి ఉంటే వాటిని ముట్టుకునే ముందు ఆస్బెస్టాస్ (ఊపిరితిత్తులకు హాని చేసే రాతినార) పరీక్ష జరగాలి. పది లక్షల యెన్లు గాని అంతకు మించి గాని అయ్యే మరమ్మతు ఒప్పందమైతే ఆ పరీక్ష ఫలితాన్ని అధికారులకు తెలపడం 2022 ఏప్రిల్ నుంచి తప్పనిసరి.

భూకంపం గురించి మీరు అడిగినదానికి సూటిగా చెబుతాను: ఇప్పుడున్న స్థితిలో ఆ ఇల్లు నిలుస్తుందని అనుకోకండి. జపాన్‌లో కొత్త భూకంప ప్రమాణాలు 1981 జూన్‌లో అమల్లోకి వచ్చాయి. మీ ఇల్లు వాటికే కాదు, 1950 నాటి భవన నిర్మాణ చట్టానికి కూడా ముందుది. మీరు వెళ్లదలచిన హ్యోగోలోనే 1995 జనవరి నాటి భూకంపంలో 6,400 మందికి పైగా చనిపోయారు, వారిలో అత్యధికులు కూలిన పాత కర్ర ఇళ్ల కింద పడినవారే. 2024 జనవరి 1న నోతో ద్వీపకల్పంలో 7.6 తీవ్రతతో వచ్చిన భూకంపంలోనూ బరువైన పెంకుల ఇళ్లు అలాగే నేలకొరిగాయి. అయితే పాత ఇంటికి తనదైన బలం కూడా ఉంది. స్తంభాల గుండా అడ్డంగా దూరి పోయే పట్టీలు, మట్టి గోడలు కలిసి ఊగి, వంగి, పగుళ్లిచ్చి ఆ తాకిడిని కొంత మింగుతాయి. ఆ బలం పోయేది రెండు కారణాల వల్ల: మొదళ్లు పుచ్చడం ఒకటి, గోడలు తీసేయడం రెండోది. దక్షిణం వైపంతా జరుపు తలుపులే ఉండే ఈ ఇళ్లలో గోడలు మొదటి నుంచీ తక్కువ. కెఫే కోసం పెద్ద హాలు కావాలని ఉన్న గోడలను కూడా కొట్టించేవారిని చూశాను, నాకు భయం వేసింది. మీ పదహారు కుర్చీలు గోడలను తొలగించకుండానే పడతాయి, పన్నెండే పడితే పన్నెండుతోనే తృప్తిపడండి. స్తంభాలన్నిటినీ కాంక్రీటులో బిగించమని ఒక వాస్తుశిల్పి, రాళ్ల మీదనే వదలమని మరొకరు చెబుతారు. ఈ రెండు పద్ధతులకూ వేర్వేరు లెక్కలున్నాయి. సగం ఇది, సగం అది చేయడమే ప్రమాదం. 1995 తర్వాత పాత కట్టడాలను కాపాడేందుకు హ్యోగోలోనే మొదలైన హెరిటేజ్ మేనేజర్ల శిక్షణ పొందిన వాస్తుశిల్పులు ఆ ప్రాంతంలో ఉన్నారు, వారిని అడగండి. 1981కి ముందు కట్టిన కర్ర ఇళ్ల పరీక్షకు చాలా పురపాలికలు ఆర్థిక సాయం చేస్తాయి.

కాగితాల సంగతి. ఇల్లు ఎప్పుడో చనిపోయిన తాతగారి పేరు మీదనే ఉండిపోవడం ఇక్కడ మామూలు. వారసత్వ నమోదును 2024 ఏప్రిల్ 1 నుంచి తప్పనిసరి చేసినా పాత చిక్కులు ఇంకా విడిపోలేదు. వారసులందరి సంతకాలూ అయ్యాకే సొమ్ము చెల్లించండి. స్థలం కనీసం 4 మీటర్ల వెడల్పున్న రోడ్డును 2 మీటర్ల మేర తాకుతోందో లేదో కొలవండి. తాకకపోతే ఆ ఇల్లు ఎప్పుడైనా పోయిన నాడు మళ్లీ కట్టుకోవడానికి అనుమతి రాకపోవచ్చు. కొండచరియల ప్రమాద పటంలో ఆ చోటు పసుపు రంగులో ఉందా, ఎరుపు రంగులో ఉందా చూడండి. ఎరుపైతే నేను కొనమని చెప్పను. పొలానికి వ్యవసాయ కమిటీ అనుమతి కావాలి. 2023 ఏప్రిల్‌లో కనీస విస్తీర్ణపు షరతు ఎత్తేశారు కనుక చిన్న చెక్క కొనడం సులువైంది గాని, కెఫేకు వచ్చేవారి కార్లు ఆ పొలంలో నిలపాలంటే భూ వినియోగం మార్చుకోవడానికి మరో అనుమతి అవసరం. చాలామంది ఇక్కడే చిక్కుకుంటారు. ఆ చోటు పట్టణ విస్తరణను అదుపు చేసే మండలంలో ఉంటే, నివాసపు ఇంటిని హోటలుగా మార్చడానికే ప్రత్యేక అనుమతి కావాలి. ఇది మీరు పురపాలికలో అడగవలసిన మొట్టమొదటి ప్రశ్న.

ఇల్లు 160 చదరపు మీటర్లే కనుక ఒక మేలుంది. కెఫేగా మారే భాగం 200 చదరపు మీటర్లు మించితేనే వినియోగ మార్పుకు భవన నిర్మాణ ధ్రువీకరణ కోరాలి. అనుమతి అక్కరలేదంటే చట్టం వర్తించదని కాదు, అగ్ని భద్రత నియమాలన్నీ పాటించవలసిందే. మరో సంగతి: 2025 ఏప్రిల్ నుంచి రెండంతస్తుల కర్ర ఇంట్లో స్తంభాలో, దూలాలో, కప్పో సగానికి మించి మార్చితే ధ్రువీకరణ కావాలి. ఒకే అంతస్తు ఉండి 200 చదరపు మీటర్లకు లోబడిన ఇంటికి ఆ బాధ లేదు. కాబట్టి అటకను గదిగా మార్చే ఆలోచన ఉంటే, అది రెండో అంతస్తు లెక్కలోకి వస్తుందేమో ముందే తెలుసుకోండి.

ఇవన్నీ కుదిరి ఇల్లు మీదైతే, నేను మిమ్మల్ని కోరేది ఒక్కటే. కెఫే పని మొదలుపెట్టకుండా ఒక ఏడాది అందులో కాపురముండండి. కప్పు కారకుండా, నీరు చేరకుండా, ఒక గది చలి తగలకుండా ఉంటే ఏడాది గడపడానికి చాలు. ఏ గదిలోకి ఎప్పుడు ఎండ వస్తుందో, శరదృతువులో హ్యోగోలోని తంబా లోయలను కమ్మే పొగమంచు ఎన్ని గంటలకు విడుతుందో, జనవరిలో ఏ గొట్టం గడ్డకడుతుందో తెలిశాక మీరు గీసే కెఫే నమూనా ఇప్పటి నమూనాకు పూర్తిగా వేరుగా ఉంటుంది. మూసి ఉంచడం వల్ల చెడిన ఇల్లు మనుషుల ఊపిరి తగిలితేనే కోలుకుంటుంది. అతిథులు కూర్చునే చోటుగా నేను మొదట అనుకున్న గది ఇప్పుడు మా పడకగది. ఎండాకాలపు సాయంత్రం గాలి ఎక్కడ ఆడుతుందో ఆ ఏడాదిలోనే తెలిసింది. హ్యోగోలోనే తంబా ససాయామా పట్టణానికి చెందిన మారుయామా అనే చిన్న పల్లె ఉంది. అక్కడి పన్నెండు ఇళ్లలో ఏడు ఖాళీ పడితే, ఊరివారే కలిసి ఆలోచించుకొని కొన్నిటిని బసలుగా మార్చి 2009లో తెరిచారు. ఒకసారి వెళ్లి చూడండి.

చివరగా డబ్బు విషయంలో ఒక ఉపయోగం. మీ నిషికసాయి ఉన్న ఎదొగావా టోక్యో 23 వార్డులలో ఒకటి. గత పదేళ్లలో మొత్తం కనీసం ఐదేళ్లు ఆ వార్డులలో ఉండి పల్లెలకు తరలేవారికి, కుటుంబమైతే పది లక్షల యెన్ల దాకా, పిల్లలుంటే అంతకు మించి సాయం చేసే పథకం ఉంది. శాశ్వత నివాసార్హత గల విదేశీయులకూ వర్తిస్తుంది. మీ పురపాలిక అందులో ఉందో లేదో, ఇంటి నుంచి చేసే ఉద్యోగాన్ని లెక్కలోకి తీసుకుంటుందో లేదో మకాం మార్చక ముందే అడగాలి. ఐదేళ్లు అక్కడే ఉంటామన్న మాట ఇవ్వవలసి ఉంటుంది, తప్పితే తిరిగి చెల్లించాలి.

ప్రశ్న: జపాన్‌లో ఇళ్లు ఉచితంగా ఇస్తున్నారని, కొంటే అక్కడే ఉండిపోవచ్చని వీడియోలలో చూశాను. నా దగ్గర ముప్పై లక్షల రూపాయలున్నాయి. పాత ఇల్లు కొని కెఫే పెట్టుకుంటే వీసా వస్తుందా?
ఒక పాఠకుడు, విశాఖపట్నం

జవాబు: రాదు. విదేశీయులు జపాన్‌లో ఇల్లు కొనడానికి అడ్డు లేదు గాని, ఇల్లు కొన్నందువల్ల అక్కడ నివసించే హక్కు ఏమాత్రం కలగదు. మీరనుకునే మార్గం వ్యాపార నిర్వాహకుల వీసా. దానికి 50 లక్షల యెన్ల పెట్టుబడి చాలన్న మాట పాతది. 2025 అక్టోబరు 16 నుంచి అది 3 కోట్ల యెన్లకు పెరిగింది. దానితోపాటు జపాన్‌లో స్థిరపడిన ఒకరినైనా పూర్తికాల ఉద్యోగిగా పెట్టుకోవాలి, మీకో ఆ ఉద్యోగికో జపనీస్ భాష బాగా వచ్చి ఉండాలి, అనుభవమో ఉన్నత విద్యో చూపాలి. పైగా నివాసాన్నే వ్యాపార స్థలంగా చూపడాన్ని ఇప్పుడు సూత్రప్రాయంగా అంగీకరించడం లేదు. అంటే ఇల్లూ కెఫే ఒకే చోట అన్న కల, శాశ్వత నివాసార్హత గలవారికో జపాన్ పౌరుల జీవిత భాగస్వాములకో తేలిక, కొత్తగా వచ్చేవారికి చాలా కష్టం. మీరు కష్టపడి కూడబెట్టిన సొమ్మును ఆ వీడియోల మాట నమ్మి పంపవద్దని ప్రాధేయపడుతున్నాను. నిజంగానే ఆ జీవితం మీద మనసుంటే, మీ వృత్తికి తగిన ఉద్యోగంతో అక్కడికి వెళ్లి, భాష నేర్చుకొని, స్థిరపడ్డాక ఇల్లు చూసుకోవడమే దారి. అత్యున్నత నైపుణ్యానికి ఇచ్చే పాయింట్లు 80 ఉన్నవారు ఏడాదిలో, 70 ఉన్నవారు మూడేళ్లలో శాశ్వత నివాసార్హతకు దరఖాస్తు చేసుకోవచ్చు.

ప్రశ్న: గిఫు కొండల్లో ఒక పాత ఇల్లు అద్దెకు తీసుకొని వారాంతాల్లో కెఫే నడపాలని మేము, మరొక కుటుంబం కలిసి అనుకుంటున్నాము. ఇంటి వంటగది పెద్దదే. అందులోనే పెసరట్టు, ఉప్మా చేసి, ఊరి నుంచి తెచ్చుకునే అరకు కాఫీ పోయాలని ఆశ. ఇరోరి కూడా వెలిగిస్తే బాగుంటుందనిపిస్తోంది. ఏ అనుమతులు కావాలి?
ఒక పాఠకురాలు, నగోయా

జవాబు: ఇంటి వంట, అమ్మకపు వంట ఒకే వంటగదిలో సాగకూడదన్నది ఇక్కడి ఆరోగ్య కేంద్రాల మూల నియమం. రెండింటి మధ్య గోడా తలుపూ ఉండాలి. కెఫే వంటగదిలో చేతులు కడగడానికి వేరే తొట్టి, దానికి కడిగిన చేతివేళ్లు మళ్లీ తాకనవసరం లేని కొళాయి, గిన్నెలకు వేరే తొట్లు, నీళ్లతో తుడవగల నేల, దోమా ఈగా చొరబడని కిటికీలు ఉండాలి. పాత ఇంటికి ఇందులో కష్టమైనవి ఈ చివరి రెండే. మన్ను దట్టించిన నేల, సందులున్న పై కప్పు చూడటానికి ఎంత అందంగా ఉన్నా వంటగదికి పనికిరావు. అందువల్ల పాత ఇంటిలోపల ఒక చిన్న కొత్త పెట్టెలా వంటగదిని కట్టించుకోవడం మేలు. మేము అలాగే చేశాము, పాత దూలాలను ముట్టుకోలేదు. గీతలు గీయించగానే, మేకు కొట్టక ముందే, ఆ నమూనాను ఆరోగ్య కేంద్రానికి తీసుకువెళ్లి చూపండి. ఒకే అంగుళం తేడాకు గోడ పగలగొట్టవలసి వచ్చినవారున్నారు. నీరు బావిదైతే పరీక్ష చేయించాలి. మీలో ఒకరు ఒక రోజు తరగతికి వెళ్లి ఆహార పరిశుభ్రత బాధ్యులుగా పేరు నమోదు చేసుకోవాలి. 2021 జూన్ నుంచి కాఫీ కొట్టుకూ భోజన హోటలుకూ విడివిడి లైసెన్సులు లేవు, ఒక్కటే తీసుకుంటే చాలు. అయితే వంటలో ఎక్కడ ప్రమాదం పొంచి ఉందో గుర్తించి, రోజూ రాసి ఉంచే పద్ధతిని చిన్న కొట్లు కూడా పాటించాలి.

మురుగు సంగతి ఎవరూ ముందుగా అడగరు. చాలా కొండ పల్లెల్లో భూగర్భ మురుగు కాలువలుండవు, ఇంటికొక శుద్ధి తొట్టి ఉంటుంది. కొన్ని ఇళ్లలో ఇప్పటికీ బండి వచ్చి తోడుకుపోయే గుంటే ఉంటుంది. ఇంటికి సరిపోయే తొట్టి కెఫేకు సరిపోదు, పెద్దది పాతించాలంటే ఖర్చు బాగా అవుతుంది. అద్దె ఇల్లు కనుక అది ఎవరు భరించాలో, మీరు ఖాళీ చేసేటప్పుడు వంటగదిని ఏం చేయాలో యజమానితో రాతపూర్వకంగా తేల్చుకోండి.

ఇరోరి గురించి అగ్నిమాపక కేంద్రంలో అడిగి తీరాలి. తెరవడానికి ఏడు రోజుల ముందే వారికి తెలియజేయాలి. 2016 డిసెంబరులో నిగాతా ప్రిఫెక్చర్‌లోని ఇతోయిగావాలో ఒక చిన్న నూడుల్స్ కొట్టులో పొయ్యి మీద మరచిన గిన్నె నుంచి రేగిన మంట 147 కట్టడాలకు పాకింది. ఆ తర్వాత, నిప్పు వాడే ప్రతి హోటలూ ఎంత చిన్నదైనా మంటలార్పే పరికరం ఉంచాలని 2019 అక్టోబరు నుంచి నియమం వచ్చింది. మూసిన గదిలో బొగ్గు రాజేస్తే వచ్చే విషవాయువుకు వాసన ఉండదు, అందువల్ల గాలి పోయే దారి, హెచ్చరించే పరికరం రెండూ ఉండాలి. మా ఇంట్లో అతిథులున్నప్పుడు ఇరోరి వెలిగించము. వారు వెళ్లాక, మంగళవారం సాయంత్రాలు, తలుపులు తీసి వెలిగిస్తాము.

అరకు కాఫీ పోయాలన్న మీ ఆశ నాకు ఎంతో నచ్చింది, కాని సూట్‌కేసులో తెచ్చుకున్నది మీరు తాగడానికే గాని అమ్మడానికి కాదు. అమ్మకానికి తెచ్చే ఏ ఆహారానికైనా దిగుమతి సమయంలో ఆరోగ్య శాఖ క్వారంటైన్ కేంద్రానికి తెలపాలి. వేయించని గింజలకైతే మొక్కల క్వారంటైన్ కూడా ఉంటుంది. చట్టప్రకారం దిగుమతి చేసుకొనే వర్తకుల నుంచి కొనండి. వంటకాలు మూడు నాలుగుకు మించకుండా చూసుకోండి, చిన్న వంటగది అంతే మోస్తుంది.

ప్రశ్న: నిరుడు తోకుషిమాలో పాత ఇల్లు కొని కెఫే తెరిచాము. ఇంట్లో పాతవారి పూజా మందిరం, పెద్దల ఫొటోలు, వందలాది గిన్నెలు అలాగే ఉన్నాయి. పారేయడానికి మనసు రావడం లేదు. ఊరివారేమో ఆదివారం పొద్దున గడ్డి కోతకు, కాలువ పూడికతీతకు రమ్మంటారు. మాకు ఎక్కువ మంది వచ్చేది ఆదివారమే. ఎలా?
దంపతులు, తోకుషిమా

జవాబు: ఆ ఆదివారాలు కెఫే మూసేయండి. ఏడాదికి నాలుగైదు పూటలకు మించవు. ఆ కాలువ నీరే మీ పెరటి పక్కనుంచి పారుతుంది. అది పూడితే మొదట తడిసేవి మీ స్తంభాలే. డెబ్బై ఎనభై ఏళ్ల పెద్దలు కొడవలి పట్టుకొని వస్తుంటే మీ తలుపు మీద ‘తెరిచి ఉంది’ అన్న పలక వేలాడటం బాగుండదు. రాలేనివారు రుసుము కట్టే ఊళ్లు ఉన్నాయి గాని, మీరు కొత్తవారు, రుసుము కట్టి తప్పుకోకండి. పని పూర్తయ్యాక టీ తాగుతూ కూర్చునే అరగంటలో, ఏ కొండ నీరు ఎక్కడ ఊరుతుందో, మీ ఇంటి కప్పు ఎప్పుడు నేశారో, ఎవరు కట్టారో అన్నీ చెబుతారు. మా బావికి పాత మూత ఎక్కడుందో మాకు తెలిసింది అలాగే.

పూజా మందిరం విషయంలో మీ మనసు చెప్పినదే సరైనది. అమ్మినవారికి కబురు చేసి, కావాలేమో అడగండి. వద్దంటే వారి కుటుంబం ఏ గుడికి చెందినదో కనుక్కొని, ఆ గుడి పూజారితో మంత్రం చదివించి, అందులోని ఆత్మను సాగనంపే కార్యం జరిపించాకే కదపాలి. ఇది ఇక్కడ అందరికీ తెలిసిన ఆచారం, ఊరివారు కూడా మిమ్మల్ని గౌరవిస్తారు. ఫొటోలను అదే రోజున గుడికి అప్పగించవచ్చు. గిన్నెలలో లక్క పూసినవి, కొండ పల్లెల్లో విందులకు ఇరవై చొప్పున చేయించినవి ఉంటాయి. వాటిలో మంచివి కెఫేలో వాడుకోండి, మిగిలినవి ఊరివారిని పిలిచి ఎవరికి కావలసినవి వారిని తీసుకోమనండి. మీ ప్రిఫెక్చర్‌లోని ఇయా లోయలో, మూడు వందల ఏళ్ల నాటి గడ్డి కప్పు ఇంటిని 1973లో కొని, చిఇయోరి అని పేరు పెట్టి కాపాడిన అమెరికన్ అలెక్స్ కెర్ పనిని చూడటానికి వీలైతే వెళ్లండి. పాత ఇంటిలో ఏది ఉంచాలి, ఏది తీయాలి అన్న విషయంలో అక్కడ నేర్చుకోదగినవి చాలా ఉన్నాయి.

ఇంకొక మాట. అటక ఎక్కి వెన్నుగాడి దగ్గర వెతకండి. ఇల్లు నిలబెట్టిన ఏడాది, వడ్రంగి పేరు రాసిన సన్నని బల్ల, మునఫుదా అంటారు, అక్కడ మేకుతో కొట్టి ఉండవచ్చు. దొరికితే దించకండి, తుడవకండి. ఫొటో తీసి, ఆ రాత చదవగల ఊరి పెద్దకు చూపించండి.